చెరకు పిప్పి సీటు

మా మనవరాలు శ్రావణికి మొన్న ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె చూస్తే కుక్కర్ పట్టేంత ఉంది, లోపల వస్తువు మాత్రం అరచేయంత. సైకిల్ సీటు మీద తొడిగే నల్ల తొడుగు. అందులో జెల్లు ఉంటుందట, కూర్చుంటే నీళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుందట. పొద్దున్నే లేచి స్నేహితులతో కలిసి నిజామాబాద్ నుంచి డిచ్‌పల్లి దాకా సైకిల్ తొక్కి, ఏ పనీ లేకుండా అక్కడ తలా ఒక చాయ్ తాగి, మళ్లీ తొక్కుకుంటూ వచ్చే పిల్ల అది. నేను ఆ తొడుగును వేలితో నొక్కి చూశాను. గుంట పడింది, మెల్లగా మళ్లీ లేచింది. "ఎంతకు తెచ్చినవే?" అని అడిగితే, "నువ్వు ధర అడుగొద్దు అవ్వా, మెత్తగున్నదా లేదా చెప్పు" అంది. ధర చెప్పని వస్తువు ఎంత మెత్తగా ఉన్నా నాకు గుచ్చుకుంటుంది.

మూలన కుర్చీలో కూర్చున్న మా ఆయన పేపరు దించకుండానే, "దాంట్ల సీమలు లేవు గద?" అన్నాడు.

"ఏం చీమలు తాతా?" అంది శ్రావణి. "ఏం లేదు, పేపర్ల ఏదో సదువుతున్నడు" అన్నాను నేను. కానీ పేపరు అటూ ఇటూ ఊగుతోంది. నవ్వు ఆపుకుంటే ఆయనకు చేతులు వణుకుతాయి. ఇక ఆ పిల్ల వదుల్తుందా? ముక్కలు ముక్కలుగా మా ఇద్దరి దగ్గరా రాబట్టింది, చాలక ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి రాయమంది. నాది నాలుగో తరగతి చదువు. నిజం చెప్పాలంటే మూడున్నరే. నాట్లప్పుడు బడి మానిపించారు, నాట్లు అయిపోయాక మళ్లీ పంపాలన్న సంగతి మా బాపు మరిచిపోయాడు. అక్షరాలు నేను పెడతాను, తప్పులు అది దిద్దుతుంది. ఇందులో మా ఆయన పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇన్నేళ్లు నోటితో పలకని పేరును ఇప్పుడు కాగితం మీద పెడితే నాకే నవ్వొస్తుంది.

అప్పుడు మేము బోధన్‌కు ఇవతల, రుద్రూర్ తోవలో ఒక పల్లెలో ఉండేవాళ్లం. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త, చంకలో మా కొడుకు. చుట్టూ చెరకే. వెనక తలుపు తీస్తే చెరకాకు చెంపకు తగిలేది. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని నేను బీడీలు చుట్టేదాన్ని కాబట్టి ఇంటి ముందు పొగాకు వాసన. చలికాలం వచ్చిందంటే ఊరి బయట గానుగ నుంచి బెల్లం పాకం వాసన. గాలి బోధన్ దిక్కునుంచి తిరిగితే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, పులిసినట్టు, తియ్యగా, కొంచెం కుళ్లినట్టు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతేనే గుబులు. దండెం మీద ఆరేసిన తెల్ల బట్టకు మసి చుక్కలు అంటితే మా అత్త తిట్టేది కాదు. "నడుస్తున్నదే ఫ్యాక్టరీ" అని తృప్తిగా దులిపేది.

మా ఆయన ఆ ఫ్యాక్టరీలో సీజన్ పనివాడు. చెరకు క్రషింగ్ మొదలైతే పిలుస్తారు, అయిపోతే ఇంటికి పంపిస్తారు. రావడం పోవడం అంతా సైకిల్ మీదే. ఆ సైకిల్‌ను ఒకరు వాడి, ఇంకొకరు వాడి, మూడో మనిషికి విసుగొస్తే మా ఇంటికి వచ్చింది. దాని సీటు తోలు ఎండి, నడుమ కుంగి, వెనక స్ప్రింగులు పైకి లేచి ఉండేవి. ఇక తోవ సంగతి చెప్పక్కర్లేదు. సీజన్‌లో చెరకు బండ్లన్నీ ఆ తోవనే పోతాయి. చక్రాల గాడి అటొకటి ఇటొకటి, నడుమ గుండ్రాళ్లు. ఇంటికి వచ్చాక ఆయన వెంటనే కూర్చునేవాడు కాదు. స్తంభానికి ఆనుకుని నిలబడే చాయ్ తాగేవాడు. ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడిగితే, "గాలి మంచిగొస్తున్నది" అనేవాడు. ఎక్కడ నొప్పో నోరు తెరిచి చెప్పడానికి సిగ్గు. ఊరికంతా తెలిసిన సిగ్గు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే శ్రావణి తానే రాస్తుంది. నేను పిసినారినట. నేను మాత్రం జాగ్రత్త అంటాను. చిరిగిన చీర పసివాడి పొత్తిగుడ్డ అవుతుంది, పొత్తిగుడ్డ బొంతలో అతుకవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే దీపానికి వత్తి. నెయ్యి గిన్నెలో ఒక చెంచా ఉండేది, అది నా చేతిలోనే. కొస ముంచి కంచం మీద విదిలించేదాన్ని. మా అత్త వచ్చినవాళ్లకల్లా చెప్పేది: "మా కోడలు నెయ్యి పొయ్యదవ్వ, అన్నానికి నెయ్యిని సూపిస్తది."

ఆ చలికాలం మా ఆడబిడ్డ భర్త గంగారాం దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. వాకిట్లోకి రాకముందే సెంటు వాసన వచ్చింది. చేతికి మెరిసే గడియారం, భుజాన టేపురికార్డరు. మంచం మీద కూర్చుని, అందులో అక్కడి స్నేహితులు మాట్లాడిన మాటలన్నీ మాకు వినిపించాడు. మా అత్త ఆ పెట్టె వైపు తిరిగి "మంచిగున్నరా బిడ్డా?" అని జవాబు కూడా ఇచ్చింది. పోయే ముందు గంగారాం మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "బామ్మర్ది, నీ పాస్‌పోర్టు పెట్టెల పెట్టుకోని ఏం జేస్తవ్? శివరాత్రికి నేను మల్ల పోత. నిజామాబాద్‌ల మనోడున్నడు, ఆయనకిస్తే వీసా జూస్తడు" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఏం చెల్లె, పంపియ్యవా?" అని నవ్వాడు. నేను చాటలోని ఆకు వైపు చూశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన కంచంలో గీతలు గీస్తూ, "నేను పోదామనుకుంటున్న" అన్నాడు.

"ఎందుకురా?" అంది మా అత్త.

గడియారం కోసమని అనలేడు. కొడుకును పెద్ద బడికి పంపాలని ఉంది, పెంకుల మీద పెంకులు సర్దలేక విసిగిపోయాడు, ఊళ్లో ఇంటికొకరు పోయారు, తాను మాత్రం చెరకు బండ్ల వెనక తొక్కుతూనే ఉన్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. ఆయన నోట మాత్రం వచ్చింది ఇది: "ఈ సైకిల్ మీద ఇగ నాతోని గాదే అవ్వా. నడుము పోతున్నది. సీటు గాదది, బండరాయి."

మా అత్త ముద్ద చేతిలోనే ఆపింది. "పిర్రలు నొస్తున్నయని ఎవలన్న సముద్రం దాటుతరార?"

నాకు నవ్వు వచ్చింది, కానీ పక్కింటి సంగతి గుర్తొచ్చి మధ్యలోనే ఆగిపోయింది. మా పక్కింటి పోశవ్వ భర్త అంతకుముందే దుబాయి నుంచి వచ్చాడు. ఆయన పోయినప్పుడు పిల్ల పాకుతోంది, వచ్చేసరికి పరుగెత్తుతోంది. తండ్రి చాక్లెట్ల పొట్లం చేత్తో పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని పిలిస్తే, ఆ పిల్ల వచ్చి నా కొంగు వెనక దాక్కుని, "గా మామ ఎప్పుడు పోతడు?" అని అడిగింది. నా చంకలో ఉన్నవాడికి అప్పుడే "బాపు" అనే మాట కుదురుతోంది.

పోకు అని చెప్పొచ్చు కదా అని శ్రావణి అడిగింది. మా ఇంట్లో ఆ మాట లేదు. మా మామ, అంటే మా అత్త భర్త, ఒకసారి ఎడ్లు కొనడానికి సిరికొండ దిక్కు బయలుదేరితే, ఆమె గడపలో నిలబడి "ఇయ్యాల పోకు" అందట. ఆయన పోయాడు. జ్వరంతో తిరిగొచ్చాడు, మళ్లీ మంచం దిగలేదు. అడవి జ్వరమని అందరూ అన్నారు. ఆమె మాత్రం తన మాటే ముల్లయి ఆయన కాలికి గుచ్చుకుందని నమ్మింది. అప్పటినుంచి ఆ ఇంటి కట్టుబాటు ఒకటే: పోయేవాడికి అడ్డం పలకొద్దు. ఎటు అని అడగొద్దు. సద్దిగిన్నె మరిచిపోయినా వెనకనుంచి పిలవొద్దు. పరుగెత్తి ముందుకు పోయి ఎదురుగా నిలబడి ఇవ్వాలి. అట్లా ఎన్నిసార్లు నేను చెరకు గట్ల మీద గిన్నె పట్టుకుని పరుగెత్తానో. పోతానని నోటితో అన్నాడంటే పోయినట్టే లెక్క. ఆ రాత్రి నుంచి నాకు నోరు లేదు.

నోరు లేదు కానీ సీటు ఉంది. సైకిల్ సీటు వల్లే కదా పోతానంటున్నాడు? సరే, ఆ సీటునే మెత్తగా చేస్తే ఇంక ఏం చెప్పుకుని పోతాడో చూద్దామనుకున్నాను.

మొదట యూరియా సంచి కత్తిరించి, అందులో వరిగడ్డి కూరి, సీటుకు కట్టాను. పొద్దున పోయేటప్పుడు మెత్తగానే ఉందన్నాడు. సాయంత్రం ఉత్త సంచితో వచ్చాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు బండ్ల వరుసలో సైకిల్ నిలబెట్టి నీళ్లు తాగడానికి పోతే, వెనక బండి ఎద్దు మెడ చాపి సీటును తినేసిందట. "తోక దిక్కునుంచి మొదలువెట్టింది" అని చేత్తో చూపించాడు. ఎద్దు యజమాని క్షమించమని అడగకపోగా, గడ్డి మంచిదేనా, ఎండ్రిన్ మందు గిట్ల కొట్టలేదు గదా అని అడిగాడట.

ఆ తర్వాత ఆయన కొత్త సీటు మాట తెచ్చాడు. బోధన్‌లో సైకిల్ షాపు భాయ్ చెప్పిన ధర విని నేను, "సీటుకా, సైకిల్‌కా?" అన్నాను. దూదేకులాయన ఊళ్లోకి వస్తే గంటసేపు బేరమాడి, ఆయనకు మంచినీళ్లిచ్చి పంపేశాను. మా ఆయన కూడా ఊరుకోలేదు. సీటు గురించి నేను ఏదో చేస్తున్నానని తెలిసి, "సీటొక్కటేనా, హ్యాండిల్ పట్టుకుంటే చేతులు గుంజుతున్నయ్" అన్నాడు. పాత ట్యూబు కోసి హ్యాండిల్‌కు చుట్టాను. "పైడిల్ జారుతున్నది" అన్నాడు. దానికీ రబ్బరు కట్టాను. ఆయనకు సాకులు అయిపోతున్నాయి, నాకు పేలికలు అయిపోవడం లేదు. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. మా అత్త మాత్రం మంచం మీద నుంచి చూస్తూ, "సైకిల్‌కు ఒళ్లంత కట్లు గట్టిండ్రు. ఎవనితోని కొట్లాడొచ్చిందే ఇది?" అంది.

అప్పుడు గానుగ గుర్తొచ్చింది. చెరకు ఆడించాక మిగిలిన పిప్పి అక్కడ గుట్టగా పడి ఉంటుంది. నొక్కితే నొక్కుకుంటుంది, వదిలితే లేస్తుంది. శ్రావణి జెల్లు ఏం చేస్తుందో అదే. పైగా ఉత్తదే. గానుగాయన దగ్గరికి పోయి ఒక గంప అడిగితే, "పొయ్యిలకా అక్కా?" అన్నాడు. "సీటులకు" అన్నాను. అతను పాకం గరిటె పట్టుకుని చాలాసేపు ఆలోచించి, ఇంకేమీ అడగకుండా గంప నింపాడు.

ఆ పిప్పిని నాలుగు రోజులు ఎండలో పెట్టాలి. అది నాకు తెలుసు, చెరకు ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. కానీ అదే సాయంత్రం గంగారాం కబురు పంపాడు: ఎల్లుండి పొద్దున బోధన్ బస్టాండుకు రా, కలిసి నిజామాబాద్ పోయి పాస్‌పోర్టు ఇచ్చొద్దాం. నాకు మిగిలింది ఒక్క ఎండ. పైపైన ఆరింది, చేత్తో నలిపితే కొంచెం జిగట. కానియ్యి అనుకున్నాను. ఆ ఆత్రం ఎందుకంటే, ఆయన బోధన్ దాకా అయినా మెత్తగా పోవాలి. అంత దూరం మెత్తగా పోతే, బోధన్ చేరేసరికి బుద్ధి మారుతుందేమోనని.

పైబట్టకు ఆయన పాత ఖాకీ ప్యాంటు సరిపోయింది. కానీ పిప్పి పేళ్లు సూదుల్లా పొడుచుకొస్తాయి, లోపల దట్టంగా మెత్తటి బట్ట కావాలి. ఇంట్లో ఉన్న పాతబట్టలన్నీ చెప్పానుగా, వత్తుల దాకా వచ్చినవే. రెండు మడతలు పెట్టి పిప్పి కూరితే పేళ్లు బయటికొచ్చాయి. పెట్టె తెరిచాను. అడుగున బతుకమ్మకు మా పుట్టింటివాళ్లు పెట్టిన చీర ఉంది. గులాబీ రంగుది, ఇంకా కట్టలేదు, మడత విప్పలేదు. కొంచెంసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత బీడీ ఆకు కత్తెర తీసుకున్నాను.

మా అత్త మంచం మీద నుంచి, "పిల్లా, గది కొత్త చీర గాదే?" అంది.

"పాతదే అత్తా."

"నా కండ్లింక పోలే" అని అటు తిరిగి పడుకుంది.

బీడీలు కట్టే దారాన్నే పేటలు పేటలుగా వేసి కుట్టాను. చివరి కుట్టు వేసి సీటుకు తొడిగి, చేత్తో నొక్కి చూస్తే ఎంత ముద్దుగా ఉందో! కొత్త అల్లుడికి వేసిన మెత్తలా ఉంది. సైకిల్‌ను పెరటి గోడకు ఆనించి పెట్టాను. ఆ గోడ మొదట్లో చీమల పుట్ట ఉందని నాకెందుకు గుర్తు రాలేదో, ఆ దేవుడికే తెలియాలి.

పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని, సైకిల్ బయటికి తీశాడు. సీటును నొక్కి చూసి నా వైపు చూశాడు. నేను బీడీ ఆకులు నీళ్లలో ముంచుతున్నాను. కొడుకును ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టి, దించి, ఎక్కి పోయాడు. మా అత్త గడపలో కూర్చుని తోవ వైపు చూస్తోంది, చక్రాల వైపు చూస్తోంది, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ రోజు నేను చుట్టిన బీడీలు ఒకటి లావు, ఒకటి సన్నం. సాయంత్రం బీడీల లెక్క చూసే గుమాస్తా చాలా భాగం పక్కకు తీసి, "ఏమైందమ్మా, పెయ్యి బాగలేదా, జరమా?" అని అడిగాడు. ఏం చెప్పను? పాస్‌పోర్టు ఈపాటికి చేతులు మారి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా చెరకు గట్టు మీద ఆయన కనపడ్డాడు. సైకిల్ మీద లేడు, పక్కన నడిపించుకుంటూ వస్తున్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నాడు. ఖాకీ తొడుగు హ్యాండిల్‌కు వేలాడుతోంది, ఖాళీగా, జిగటగా.

"ఏందిరా, గుర్రం దిగినట్టు నడుస్తున్నవ్?" అంది మా అత్త.

"సీమలు" అన్నాడు.

కొబ్బరినూనెలో పసుపు కలిపి ఇచ్చాక మెల్లమెల్లగా మిగతాది చెప్పాడు. తోవలో కాలవ మీది మోరీ దాటేదాకా రాజాలాగ పోయాడట. మోరీ దాటాక ఒకటి కుట్టింది. పిప్పి పేడు కావచ్చనుకున్నాడు. ఇంకొకటి కుట్టింది. ఒంటి వేడికి పిప్పిలోని తీపి కరిగిందో ఏమో, తర్వాత దండు దండే వచ్చింది, ఎర్ర చీమలు. నడిరోడ్డు మీద సైకిల్ వదిలేసి ఎగిరితే, చెరకు బండ్లాయన ఎడ్లు ఆపి, "ఏమన్న పూనకమా అన్నా?" అని అడిగాడట. ఇక చెరకు తోటలోకి దూరి ప్యాంటు విప్పి దులుపుకున్నాడు, తొడుగు కూడా విప్పి దులిపాడు. ఎట్లాగో బోధన్ చేరితే, గంగారాం బస్సు కిటికీ పక్క సీటు మీద రుమాలు వేసి పట్టి ఉంచాడు. ఎక్కి కూర్చోబోయి లేచి, మళ్లీ కూర్చోబోయి లేచి, చివరికి దిగిపోయాడు. "ఎక్కుతవా దిగుతవా, ఒకటి జెయ్యి" అని కండక్టరు గదిమాడు. బస్సు పోయింది.

"పాస్‌పోర్టు?" అంది మా అత్త. ఆయన జేబులోంచి తీసి గూట్లో పెట్టాడు. అంతే. నేను లోపలికి పోయి పొయ్యి ఊదుకున్నాను. పొగ బాగా వచ్చింది.

అన్నం తినేటప్పుడు మా అత్త తీరిగ్గా అంది: "పొద్దుగాల్నే సూసిన. ఎన్క చక్రం పొంటి సీటు దాక బారు గట్టి ఎక్కుతున్నయి."

"మరి చెప్పకపోయినవా అత్తా!"

"పోయేటోన్కి అడ్డం పలుకొద్దు గదనే" అంది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

తర్వాత గంగారాం వచ్చి కోప్పడ్డాడు, బతిమాలాడు, ఇంకోసారి పోదామన్నాడు. మా ఆయన "పుండ్లు మాననియ్యి బావా" అన్నాడు. పుండ్లు వారంలో మానాయి. ఆ మాట మాత్రం శివరాత్రి దాకా మానలేదు. గంగారాం వెళ్లిపోయి, అక్కడినుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్టులో మొదటి పలకరింపే "సీమల బామ్మర్దికి నమస్తే" అని ఉంది. సైకిల్ షాపు భాయ్ దగ్గర మా ఆయన తన చాయ్ పైసలు దాచి స్పాంజి సీటు వేయించుకున్నాడు; నేను ధర అడగలేదు. కోసిన చీరలో మిగిలినదాన్ని మరుసటి ఏడు బతుకమ్మకు కట్టుకున్నాను. కొంగు పొట్టిదై భుజం మీద నిలవక జారుతుంటే, ఆటలో పక్కనున్న పోశవ్వ, "కొత్త ఫ్యాషనా?" అని అడిగింది.

ఇప్పుడు చూస్తే, గంగారాం కట్టిన రెండంతస్తుల ఇల్లు మా ఊరికి పోతే దూరం నుంచే కనపడుతుంది. మోకాళ్ల నొప్పులతో ఆయన పై అంతస్తు ఎక్కలేడు, అది వేరే సంగతి. మేము పెంకుటింట్లో పెంకులు సర్దుతూనే కొడుకును చదివించాం, వాడి కిరాణా కొట్టుతో పాటు నిజామాబాద్ వచ్చాం. పెద్ద బడి కాదు, మామూలు బడే. పోయి ఉంటే బాగుండేదా అని వర్షంలో ఇల్లు కారిన ప్రతిసారీ అనుకున్నాను, కారడం ఆగగానే మరిచిపోయాను. ఫ్యాక్టరీ కూత ఆగి చాలాకాలమైంది. మసి పడని తెల్లబట్టలు ఎంత తెల్లగా ఉన్నా నా కంటికి ఉత్తుత్తిగా కనపడతాయి. అప్పుడు గతిలేక సైకిల్ తొక్కేవాళ్లు, ఎప్పుడు మోటారుబండి కొంటామా అని చూసేవాళ్లు. ఇప్పుడు ఇంటి ముందు బండి పెట్టుకుని, పొట్ట తగ్గాలని సైకిల్ తొక్కుతున్నారు, ఆ తొక్కుడు నొప్పి తెలియకుండా జెల్లు తెప్పించుకుంటున్నారు. కష్టాన్ని కొనుక్కుని, మళ్లీ దానికి మెత్త కొనడం నా మూడున్నర తరగతి బుర్రకు ఎక్కదు.

ఇదంతా విన్నాక శ్రావణి ఊరుకోలేదు. అందరం అన్నాలకు కూర్చున్నాక, "తాతా, ఒక్క మాట. బోధన్ల ఇంకో బస్సే లేకుండెనా? కూసోరాకుంటే నిలబడి పోవచ్చు గద. అదీ కాకుంటే పాస్‌పోర్టు గంగారాం తాత చేతికిస్తే అయిపోతుండె గద" అంది.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో గానీ ఈ ఇంట్లో గానీ ఎవరూ అడగని ప్రశ్న అది. పోయేవాణ్ణి ఎటని అడగలేదు, తిరిగొచ్చినవాణ్ణి ఎందుకని అడగలేదు. మా అత్త అడగకుండానే పోయింది. నేను చారు గిన్నెలో గరిటె తిప్పుతూ ఉన్నాను.

"అడిగిండు" అన్నాడు మా ఆయన. "బస్సు కిటికీలకెల్లి చెయ్యి సాపిండు. బామ్మర్ది, నువ్వు రాకుంటె రాకపోతివి, పాస్‌పోర్టన్న ఇయ్యి అని. నేను జేబుల చెయ్యి గూడ పెట్టిన."

"మరి?"

"అంతకుముందే చెరకుతోటల తొడుగు ఇప్పి దులిపిన గద బిడ్డా. లోపల గులాబిరంగు చీర. మడత మీద మడత. కట్టని చీర, ఇంక దుకాణం వాసన గూడ పోలే." ఆయన నా వైపు చూడలేదు, కంచం వైపు చూస్తున్నాడు. "మీ అవ్వ సంగతి నీకెరికే. మసిగుడ్డను గూడ పారెయ్యని మనిషి. గసొంటి మనిషి కొత్త చీర కోసింది. ఇగ నేను నిజంగ పోతే ఇంకేమేం కోస్తదో అని భయమైంది."

శ్రావణి పొలమారేదాకా నవ్వింది. "మాట్లాడుకుంట తినొద్దు" అని ఇద్దరినీ కలిపి గదిమాను. అలవాటుగా నెయ్యి గిన్నె తీసి, చెంచా కొస ముంచబోయాను. చెంచా నిండుగా వచ్చింది. వచ్చిన నెయ్యిని వెనక్కి పోయడం బాగుండదు కాబట్టి ఆయన అన్నంలో పోశాను. తర్వాత ఇంకొక చెంచా.

ఆయన కంచం చూసి, "నెయ్యి ఎక్కువైంది" అన్నాడు.

"చెయ్యి జారింది" అన్నాను.

"రెండుసార్లా?"

శ్రావణి తన కంచం నా ముందుకు జరిపింది. "మరి నాకు అవ్వా?"

"నువ్వేమన్న దుబాయి మానుకున్నవానే?" అని గిన్నె మీద మూత పెట్టాను.